గోదావరి నేల నుంచి మూసీ ఒడ్డుకు: సైకిలు మీద ఒక పగలు

అందరికీ నమస్కారం. నేను ముప్పై రెండేళ్లు ప్రభుత్వ బడుల్లో సాంఘిక శాస్త్రం చెప్పాను. గోడకి మ్యాపు తగిలించి, చేతిలో బెత్తంతో ఇది గోదావరి, ఇది కృష్ణ, ఈ గీతకి ఇటు పడ్డ వాన ఇటు పోతుంది, అటు పడ్డ వాన అటు పోతుంది అని ఎన్ని వందల సార్లు చెప్పానో లెక్కలేదు. ఆ గీత మా ఇంటికి దగ్గర్లోనే ఉందని, వారానికోసారి నేను బస్సులో కునుకు తీస్తూ దాటేది దాన్నేనని మాత్రం రిటైరయ్యాక తెలిసింది. ముందు మోకాళ్లకి తెలిసింది. ఆ తర్వాత ఇంటికొచ్చి మ్యాపు తీసి చూసుకున్నాను.

సైకిలు ప్రయాణం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పెద్ద పెద్ద దూరాలు తొక్కినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నాది ఒక్క రోజు కథ. పటాన్‌చెరు నుంచి చార్మినార్ దాకా, మధ్యలో అటూ ఇటూ తిరిగింది కూడా కలుపుకుంటే 40 కిలోమీటర్ల లోపే. పొద్దున అయిదున్నరకి బయల్దేరి సాయంత్రం నాలుగున్నరకి చేరాం. అంతసేపు ఎందుకు పట్టిందంటే, ఆగదల్చుకున్న ప్రతిచోటా ఆగాం. అసలు వెళ్లిందే అందుకు.

'చేరాం' అన్నాను కదా, నాతో ఇంకొకతను ఉన్నాడు. నా దగ్గర ఎనిమిది, తొమ్మిది తరగతులు చదివిన పిల్లవాడు. పిల్లవాడంటే ఇప్పుడు నలభై దాటాడు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో పని. పదిహేడేళ్లుగా డ్యూటీకి సైకిలు మీదే వెళ్తాడు. "సార్, మీరొక్కరు పోవద్దు. ఆ రోడ్డు మంచిది కాదు, నేనొస్త" అన్నాడు. అతను రాకపోతే నేను మియాపూర్ నుంచే వెనక్కి వచ్చేవాణ్ణి. ఇది నిజం.

నా సైకిలు మామూలు నల్ల సైకిలు. గేర్లు లేవు. వెనక కారియరు, ముందు బెల్లు, గొలుసుకి పూర్తి కవరు. అతనిదీ అలాంటిదే, కాకపోతే హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా తగిలించే కొక్కెం ఒకటి అదనం. ముందు రోజు సాయంత్రం గొలుసుకి నూనె వేసి, రెండు టైర్లకీ గాలి కొట్టించి, బ్రేకు రబ్బర్లు మార్పించాను. పదో తరగతి పరీక్షల ముందు పిల్లలకి ఉండేంత టెన్షన్ ఆ రాత్రి నాకు ఉంది.

కార్తీక మాసం, ఆదివారం. ఇంకా చీకటిగానే ఉంది, మంచు పడుతోంది. ఆ వేళకి రోడ్డు మీద మేమిద్దరమే ఉంటామనుకున్నాను. అలా లేదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, పొద్దుటి షిఫ్టుకి పోయేవాళ్లు, పాల క్యాన్లు కట్టుకున్నవాళ్లు, అపార్టుమెంట్లకి వాచ్‌మన్లుగా వెళ్లేవాళ్లు, అందరూ సైకిళ్ల మీదే. దీపం లేదు, మెరిసే పట్టీ లేదు. మఫ్లరు చెవులకి చుట్టుకుని, రోడ్డు అంచు పట్టుకుని, తల వంచుకుని పోతున్నారు. నేను ఆ ఊళ్లో ఇన్నేళ్లుగా ఉంటున్నా, వీళ్లని ఇంతమందిగా ఎప్పుడూ చూడలేదు. వీళ్లు తిరిగే వేళకి నేను నిద్రలో ఉంటాను, అంతే. సైకిలు కాలం పోయిందని మనం తేలిగ్గా అనేస్తాం. మధ్యతరగతి ఇళ్లలోంచి పోయింది. ఆ రోడ్డు మీంచి పోలేదు.

పటాన్‌చెరు అనగానే అందరికీ ఫ్యాక్టరీలు, ఇక్రిశాట్ గుర్తొస్తాయి. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఆ సంస్థ 1972లో అక్కడ మొదలైంది. వాళ్ల పొలాలు సముద్ర మట్టానికి 545 మీటర్ల ఎత్తులో ఉన్నాయని వాళ్ల పరిశోధన పత్రాల్లో రాసి ఉంటుంది. ఈ 545 అనే అంకె కాస్త గుర్తుపెట్టుకోండి. అక్కడి వాననీళ్లు ఎటు పోతాయి? నక్కవాగులోకి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే పటాన్‌చెరు బస్టాండులో నిలబడ్డ మనిషి గోదావరి నేల మీద నిలబడ్డట్టే. ఆ నక్కవాగుకి మనం చేసింది కూడా చెప్పుకోవాలి. ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు అందులో కలిసి, చుట్టుపక్కల ఊళ్ల బావులు, పొలాలు పాడైతే, ఆ గొడవ 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నా దగ్గర చదివిన పిల్లల్లో ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉండేవారు. వాగు గురించి పాఠం చెప్తుంటే ఒకమ్మాయి లేచి, "సార్, మా వాగు రోజుకో రంగుల ఉంటది" అంది. ఆ రోజు పాఠం అక్కడితో ఆగిపోయింది.

రామచంద్రాపురం, బీహెచ్ఈఎల్ దాటేదాకా బాగానే తొక్కాను. లింగంపల్లి వైపు వెళ్తుంటే తొడలు పట్టేస్తున్నాయి. ఎదురు గాలి లేదు, బ్రేకు పట్టుకుపోలేదు, దిగి చక్రం తిప్పి చూశాను, అంతా బాగుంది. కళ్లకి రోడ్డు చదునుగానే కనిపిస్తోంది. నాకు వయసు మీద పడిందేమో అనుకుంటుంటే అతను పక్కకొచ్చి, "సార్, చడావు ఉంది. కనబడది. మెల్లగ తొక్కుర్రి, మియాపూర్ దాటినంక ఉతార్ అస్తది" అన్నాడు. ఎక్కుడుకి చడావు, దిగుడుకి ఉతార్. మన సైకిలువాళ్లూ రిక్షావాళ్లూ లారీవాళ్లూ వాడే మాటలు. బస్సులో ఆ చడావు ఎవరికీ తెలియదు, డ్రైవరు కాలు కాస్త గట్టిగా నొక్కుతాడు, అంతే. సైకిలు మీద మాత్రం ఒక్కో మీటరుకీ మన ఒంటి నుంచే చెల్లించాలి.

అతను చెప్పినట్టే మియాపూర్ దాటాక సైకిలు తనంతట తానే వెళ్లడం మొదలుపెట్టింది. పెడల్ మీద కాళ్లు ఊరికే పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు తట్టింది. కూకట్‌పల్లి వాననీళ్లు కూకట్‌పల్లి నాలాలో పడి హుస్సేన్ సాగర్‌కి పోతాయి. అక్కణ్ణుంచి మూసీలోకి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోకి. పొద్దున బయల్దేరింది గోదావరి నేల, ఇప్పుడున్నది కృష్ణ నేల. రామచంద్రాపురానికీ కూకట్‌పల్లికీ మధ్య, ఈ షోరూముల కింద, మెట్రో స్తంభాల కింద ఎక్కడో ఆ గట్టు ఉంది. దక్షిణ భారతదేశంలో రెండు పెద్ద నదుల నీళ్లని విడదీసే గట్టు! అక్కడ ఒక రాయి లేదు, బోర్డు లేదు. ఏ ఘాట్ రోడ్డులోనో ఇలాంటిది ఉంటే పిల్లల్ని బస్సు కట్టించి మరీ తీసుకెళ్లి చూపిస్తాం.

ఇంకో సంగతి. 1965లో మంజీర నీళ్లు హైదరాబాద్‌కి రావడం మొదలైంది. తర్వాత సింగూరు నీళ్లూ వచ్చాయి. ఆ పైపులు పటాన్‌చెరు, లింగంపల్లి మీదుగానే నగరంలోకి వస్తాయి. గోదావరికి పోవాల్సిన నీళ్లని మోటార్లతో తోడి, ఈ గట్టు దాటించి, కృష్ణ నేల మీదున్న ఊరికి తాగడానికి ఇస్తున్నాం. నేను ఏ చడావులో ఆయాసపడ్డానో దాన్నే ఆ నీళ్లు రోజూ ఎక్కుతున్నాయి. కరెంటు ఖర్చు అవుతోందంటే అవదా మరి? కుళాయి తిప్పినప్పుడు నాకిప్పుడు ఆ తొడల నొప్పి గుర్తొస్తుంది.

కూకట్‌పల్లిలో నా వెనక టైరు దిగిపోయింది. ఏడున్నర అయి ఉంటుంది. పంక్చరు దుకాణం కోసం చూస్తే కార్లకీ మోటారు సైకిళ్లకీ ఉన్నాయి కానీ సైకిలు చూసేవాళ్లు లేరు. ఒకాయన మా ఇద్దరి వంకా చూసి, ట్యూబు లేని టైర్లయితేనే చేస్తానన్నాడు. రెండు సందులు తిరిగాక, ఒక మూసిన షట్టరు ముందు, వేపచెట్టు కింద ఒక పెద్దాయన దొరికాడు. రేకు పెట్టె, ఒక పంపు, నీళ్ల బొచ్చె, అంతే ఆయన దుకాణం.

ఆయన పని చేయడం చూడాలి. సైకిల్ని తలకిందులు చేయలేదు, స్టాండు వేసి పక్కకి ఒరిగించాడు. రెండు చిన్న ఇనుప పట్టీలతో టైరు అంచు లేపి, ట్యూబుని పేగులా బయటికి లాగాడు. గాలి కొట్టి, నీళ్లలో ముంచి, జానెడు జానెడు తిప్పుతూ పోయాడు. ఒకచోట బుడగలు ఆవగింజల్లాగా వరసగా పైకి వచ్చాయి. అక్కడ వేలు అదిమిపెట్టి, తుడిచి, అగ్గిపుల్ల విరిచి గుచ్చి గుర్తు పెట్టాడు. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, నోటితో ఊదాడు. అతికించడానికి తొందరపడలేదు. "ఆరాలె. తడి మీద పెడితే సాయంత్రానికి ఊడ్తది" అన్నాడు. ఆ ఆరే రెండు నిమిషాల్లో టైరు లోపల అరచేయి పెట్టి చుట్టూ తడిమి, గాజు పెంకు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. అది తీయకుండా ట్యూబు ఎక్కిస్తే మళ్లీ మొదటికే వస్తాం కదా. ముప్పై రూపాయలు తీసుకున్నాడు. యాభై ఇస్తే ఇరవై వెనక్కి ఇచ్చాడు. రోజుకి ఎన్ని సైకిళ్లు వస్తాయి అని అడిగితే, "కూలోళ్లవి, వాచ్‌మన్లవి, బడి పిల్లలవి. అచ్చేటివి అస్తనే ఉంటయి" అన్నాడు. ఆయన తర్వాత ఆ పెట్టె ఎవరు తెరుస్తారో అడగబుద్ధి కాలేదు.

అక్కణ్ణుంచి అమీర్‌పేట దాకా ప్రయాణం గురించి సంతోషంగా చెప్పలేను. మూసాపేట దగ్గర పల్లంలోకి దిగి, వెంటనే రైలు పట్టాల మీద కట్టిన భారత్‌నగర్ వంతెన ఎక్కాలి. ఎక్కలేకపోయాను. సగంలో దిగి నడిపించాను. నేను దిగానని అతనూ దిగాడు. పదిహేడేళ్లుగా తొక్కుతున్న కాళ్లవి, దిగాల్సిన అవసరం లేదు. "నువ్వు పోరా, పైన నిలబడు" అన్నా వినలేదు. మా పక్కనుంచి బస్సులు వెళ్తుంటే ఆ ఊపుకి హ్యాండిల్ వణికేది.

రోడ్డులో సైకిలు తొక్కేవాడికి మిగిలేది ఎడమ అంచు. ఆ అంచులో ఏముంటాయో చెప్తాను. బస్టాపు ఉంటుంది. వెనక నుంచి వచ్చిన బస్సు మనల్ని దాటి, మన ముందే ఎడమకి కోసి ఆగుతుంది. ఆగి ఉన్న ఆటోలు ఉంటాయి. ఇసుక మేట వేసి ఉంటుంది. వాననీటి కాలువ మీద ఇనుప జాలీ ఉంటుంది. దాని కడ్డీలు రోడ్డుకి అడ్డంగా ఉంటే ఫరవాలేదు. బండ్లు వెళ్లే దిక్కుకే ఉంటే సైకిలు చక్రం కడ్డీల సందులో సూటిగా దిగిపోతుంది. అలాంటి జాలీలు ఆ ఒక్క రోజే నాలుగు చూశాం. వేసినవాళ్లకి దురుద్దేశం ఏమీ ఉండదు. సన్నటి చక్రం ఒకటి ఈ దారిన వస్తుందన్న ఆలోచన రాలేదు, అంతే. జాలీని ఒక పావు వంతు తిప్పి బిగిస్తే సరిపోయేది. దానికి అదనంగా రూపాయి ఖర్చు లేదు.

2023లో అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు, పైన సోలార్ పలకల కప్పు కూడా ఉంది. నేను వెళ్లి చూశాను, చాలా బాగుంది. పిల్లలతో వెళ్లడానికి అంతకంటే భద్రమైన చోటు లేదు. వేసినవాళ్లని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ అక్కడికి చాలామంది కార్ల వెనక సైకిళ్లు కట్టుకుని వస్తారు. చీకట్లో మఫ్లర్ చుట్టుకుని డ్యూటీకి పోయే మనిషికి పటాన్‌చెరు రోడ్డు మీద ఒక మీటరు వెడల్పు గీత గీసినా చాలు. కప్పు అక్కర్లేదు. ఈ మాట అడగాల్సిన చోట అడిగాను, మళ్లీ అడుగుతాను. ఇక్కడున్న మీరు కూడా అడగాలి.

ఎర్రగడ్డ దగ్గర టీ తాగుతూ ఆ పేరు చూసి ఆగాను. ఎర్ర గడ్డ. ఎర్రమట్టి మిట్ట. పటాన్‌చెరులో చెరువుంది, ఎర్రగడ్డలో గడ్డ ఉంది. పేరు పెట్టినవాళ్లు ఆ నేల మీద కాళ్లతో నడిచినవాళ్లు, వాళ్లకి ఎక్కడ మిట్ట, ఎక్కడ పల్లం అని తెలియకుండా కుదరదు. మనకి ఇప్పుడు అవి బస్సు బోర్డు మీద పేర్లు, మెట్రో స్టేషన్ల పేర్లు. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో మొదలైన కొత్తలో నేనూ ఎక్కి సంబరపడ్డాను, ఇప్పటికీ ఎక్కుతాను. దాని ఉపయోగం దానిది. అయితే అంత ఎత్తున వెళ్తున్నప్పుడు ఎర్రగడ్డ గడ్డలా ఉండదు.

పంజాగుట్ట దాటి ఖైరతాబాద్‌లో ఎడమకి తిరిగి నెక్లెస్ రోడ్డుకి వెళ్లాం. హుస్సేన్ సాగర్ చూడకుండా ఎలా పోతాం? 1562లో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్వించిన చెరువు. చార్మినార్ కంటే దాదాపు ముప్పై ఏళ్లు పెద్దది. హైదరాబాద్ నగరం పుట్టకముందే దాని చెరువు పుట్టింది. గట్టు మీద కూర్చుని ఉప్మా డబ్బా విప్పుకున్నాం. వాసన వస్తోంది, దాచాల్సిందేమీ లేదు. అతను నీళ్లకేసి చూస్తూ, "సార్, పొద్దుగాల మనం ఉతార్ల అచ్చినం గద, ఆ నీళ్లేనా ఇవి?" అన్నాడు. అవునన్నాను. "అంటే మనతోనే అచ్చినయి" అన్నాడు. ముప్పై రెండేళ్లు పాఠం చెప్పినా, పరీవాహక ప్రాంతం అంటే ఏమిటో ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

ఎండ ఎక్కాక పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్ల కింద రెండు గంటలు పడుకున్నాం. తర్వాత నాంపల్లి, 1935 నాటి మొజంజాహీ మార్కెట్, అఫ్జల్‌గంజ్. ఈ భాగం అంతా నెమ్మది. రద్దీ ఎంత ఉంటే సైకిలుకి అంత సుఖం అని అక్కడ తెలిసింది. కార్లన్నీ నిలిచిపోయి ఉంటే మేం సందుల్లోంచి జారుకుంటూ వెళ్లాం. పైగా నేల దిగుతూనే ఉంది. నాంపల్లి నుంచి నయాపూల్ దాకా గట్టిగా తొక్కిన గుర్తే లేదు.

నయాపూల్ మీద సైకిళ్లు ఆపాం. ఆ దారి మొత్తంలో పల్లం అదే. పొద్దున చెప్పిన 545 మీటర్ల నుంచి ఇక్కడికి వచ్చేసరికి దాదాపు యాభై మీటర్లు దిగాం. మధ్యలో ఎక్కిందంతా ఎక్కి, మళ్లీ దిగి. కింద మూసీ సన్నగా, నల్లగా పోతోంది. ఒక పక్క హైకోర్టు, ఇంకో పక్క ఉస్మానియా ఆసుపత్రి. ఆ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చినప్పుడు ఆ చెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. వేలమంది కొట్టుకుపోయారు. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఇవన్నీ నేను పుస్తకంలో చెప్పినవే. ఆ రోజు ఆ వంతెన మీద నిలబడితే భయం వేసింది. పొద్దుటి నుంచి నేను ఎక్కడెక్కడ కాళ్లు ఆడించకుండా జారుతూ వచ్చానో, ఆ జాగాలన్నిటిలో పడ్డ వాన ఏదో ఒక నాలా పట్టుకుని ఈ మూసీకే వస్తుంది. అప్పట్లో ఆ దారి పొడవునా కుంటలు, చెరువులు ఉండేవి, వాటికి మత్తళ్లు, అంటే నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగులు, ఉండేవి, నీళ్లు ఆగి ఆగి వచ్చేవి. ఇప్పుడు సిమెంటు మీద ఆగకుండా వస్తాయి. మా ఇద్దరి సైకిళ్లే ఆగకుండా వచ్చాయి, నీళ్లు ఆగుతాయా?

మదీనా, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్. జనంలో తొక్కడం కుదరక నడిపించుకుంటూ పోయాం. చార్మినార్ కనబడగానే అతను సైకిలు స్టాండు వేసి, చెప్పులు విడిచి, కాసేపు ఊరికే నిలబడ్డాడు. చిన్నప్పుడు నాన్నతో బస్సులో వచ్చి చూశాడట, మళ్లీ ఇప్పుడే. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు తీసుకున్నాం.

నాకు శాలిబండలో చెల్లెలు ఉంది. రాత్రికి అక్కడే ఉండేట్టు ముందే మాట అయింది. అతన్నీ రమ్మన్నాను, సైకిలు ఏదైనా ట్రాలీ ఆటోలో వేసి పంపిస్తానన్నాను. "వద్దు సార్, పొద్దున ఫస్టు షిఫ్టు ఉంది. పొద్దు ఉండంగనే పోత" అని బెల్లు కొట్టి వెళ్లిపోయాడు. పొద్దుటి నుంచి దిగిందంతా అతను ఎక్కాలి. చెల్లెలి ఇంట్లో అన్నం తిన్నానే కానీ, ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదింపావుకి మోగింది.

"చేరిన సార్. భారత్‌నగర్ పుల్లు మీద దిగలే."